ఊదితే బుడగ రాని కొయ్య

కడపలో మా మేడమీద గదిలో అద్దెకుండే అమ్మాయి అడవి చెట్ల కొయ్య మీద పరిశోధన చేస్తోంది. మొన్న లంకమల కొండల్లోని చిరుమాను కొయ్యను ఉల్లిపొరంత పలచగా కోసి తీసిన ఫోటో చూపించింది. వేళ్ల నుంచి నీళ్లు పైకెక్కే గొట్టాలు వానలు బాగా పడిన ఏడు వెడల్పుగా, కరువేడు సూదిబెజ్జాలంత సన్నగా ఉంటాయట. ఎండలకు తట్టుకోవడానికి చెట్టు చేసుకునే ఏర్పాటట అది. "శానా వింతగా ఉండాది కదవ్వా?" అంది. వింతా? ఆ గొట్టాల్లోకి నోటితో ఊదిన దాన్ని నేను!

మైదుకూరు దగ్గర పల్లెలో మా నాన్న ఎద్దులబండ్లకు ఇరుసులు చేసే వడ్రంగి. ఇరుసుకు చిరుమానే కావాలి, అదీ కొండ నెత్తిన రాళ్లలో పెరిగిందై ఉండాలి. వంక పక్కన నీళ్లు తాగి పెరిగిన మాను చూపుకు ఎంత నిటారుగా ఉన్నా బరువుకు ఆగదనేవాడు. తేల్చుకోవడానికి దుంగలోంచి జానెడు పుల్ల చీల్చి, ఒక కొస కుంకుడు రసంలో ముంచి, రెండో కొస నుంచి ఊదాలి. బుడగలు వచ్చాయా, ఆ దుంగ వంటచెరుకే. రంపపు పొట్టు పీల్చి పీల్చి నాన్నకు ఉబ్బసం పట్టడంతో ఊదే పని నాదయింది. "కరువు సూసిన మానే బరువు మోస్తాది పాపా" అంటూ నా మొహంకేసి చూసేవాడు. పెద్ద పెద్ద రైతులు కూడా నా మాట కోసం కాచుకుని నిలబడుతుంటే, పదేళ్ల పిల్లను, నా కాళ్లు నేలమీద ఆనేవి కావు.

ఒంటిమిట్ట కల్యాణానికి బయలుదేరాల్సిన పొద్దున, ఒక దుంగకు బుడగలు వచ్చాయి. ఆ మాట చెబితే నాన్న మళ్లీ అడవికి పోతాడు, మా ప్రయాణం ఆగిపోతుంది. ఆయన అటు తిరిగి ఉలి నూరుకుంటున్నాడు. రాలేదన్నాను.

నెల తిరక్కుండానే శెనక్కాయల బండి కింద ఆ ఇరుసు విరిగి, ఎద్దు కాలు విరిగింది. అది మళ్లీ కాడి మోయలేదు. నాన్న విరిగిన ముక్క తెచ్చి, పుల్ల చీల్చి, దగ్గుకుంటూ తానే ఊదాడు. బుడగలే బుడగలు. నావైపు చూశాడు కానీ తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో! ఆ తరవాత ఎంత ఆయాసం వచ్చినా తానే ఊదుకున్నాడు. ఈసారైనా పిలుస్తాడేమోనని నేను గడప దగ్గర నిలబడి చూసేదాన్ని. నాకు పెళ్లయి కడపకు వచ్చేదాకా పిలవలేదు.

ఇప్పుడు ఎద్దులబండ్లూ లేవు, కొయ్య ఇరుసులూ లేవు. చెట్టు చూసిన కరువును యంత్రాల్లో చూస్తున్నారు, మంచిదే. నిన్న ఆ అమ్మాయిని అడిగి చిరుమాను పుల్ల ఒకటి తీసుకుని, కుంకుళ్లు లేక సబ్బునీళ్లలో ముంచి ఊదాను. కాసేపాగి మళ్లీ ఊదాను. అది కరువు చూసిన కొయ్యో, నా ఊపిరే చాలలేదో తెలియదు. ఈసారి నిజమే చెబుతున్నాను నాన్నా, బుడగ రాలేదు.