రెండో ఆధారం కోసం చిట్యాలకు

మొన్న చిట్యాలలో నేను దెబ్బలు తినకుండా బయటపడ్డానంటే అది ఒక దర్జీ పుణ్యం. నవ్వకండి! ముందు సంగతి వినండి, తర్వాత ఎలాగూ నవ్వుతారు.

నేను జనగామ లైబ్రరీలో అటెండర్‌నని మీకు తెలుసు. చదివింది ఏడో తరగతి. కానీ నియమం తప్పను. రీడింగ్ రూంలో మాట్లాడితే ఎంతటివారినైనా బయటికి పంపిస్తాను. ఒకసారి మా లైబ్రేరియన్ సార్‌నే పంపించాను. అది చూసే కాబోలు, కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే రజియా మేడం ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సత్తెన్నా, నీకు మొహమాటం లేదు. గసొంటి మనిషే మాకు కావాలె."

ఇంటర్నెట్‌లో ఒక విజ్ఞాన సర్వస్వం ఉందట. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. అందులో మాయలు, మంత్రాలు, ఎగిరే గుర్రాల నవలలు రాసినవాళ్ళ పేజీలు చూపించింది. అన్నీ కోస్తా వాళ్ళవే. మన దిక్కు నుంచి ఒక్కరూ లేరు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా జనం రోడ్డెక్కుతున్న రోజులు కదా, మేడంకు రోషం వచ్చింది. స్నేహితులను కూడగట్టి మనవాళ్ళ పేజీలు రాయడం మొదలుపెట్టింది.

కానీ రాసినవన్నీ నిలవవు. పెద్ద రూల్ ఒకటుంది. ఆ రచయిత గురించి కనీసం రెండు చోట్ల, ఆయనతో ఏ సంబంధమూ లేనివాళ్ళు అచ్చులో రాసి ఉండాలి. సొంత డబ్బా పనికిరాదు. ఆధారాలు చూసి, పేజీ ఉంచాలో తీసేయాలో చెప్పే పని నాకు అప్పజెప్పారు.

నిజం చెప్తున్నా, నాకు ఆ నవలలంటేనే గిట్టదు. అబద్ధం ఆడితే పిల్లలను తిడతాం. మంచం ఎగిరిందని రాసినవాళ్ళకు శాలువా కప్పుతామా? అయినా న్యాయం న్యాయమే కదా, ఒప్పుకున్నాను.

మహబూబాబాద్ నుంచి ఒకాయన తన పుస్తకానికి గొప్ప ముందుమాట ఉందని పంపాడు. రాసింది బావమరిది. కొట్టేశాను! ఇంకొకాయన సన్మానం ఫోటో తెచ్చాడు. శాలువా కప్పుతున్నది ఆయన భార్య. కొట్టేశాను! గూడూరు ఆయనైతే ఏకంగా కూతురి పెళ్లిపత్రిక తెచ్చాడు. అందులో తన పేరు ముందు 'మాయా నవలా సామ్రాట్' అని వేయించుకున్నాడు. "అచ్చులనే ఉన్నది గదా సార్!" అంటాడు. అచ్చేయించింది ఎవరండీ? కొట్టేశాను!

చివరికి చిట్యాల ఓదెలు గారి వంతు వచ్చింది. ఊళ్ళో దర్జీ. కుట్టు మిషన్ మీద కూర్చునే ఏడు నవలలు రాశారు. రజియా మేడం ఇంట్లో అందరూ ఉర్దూ మాట్లాడతారు. ఆమెకు తెలుగు చదవడం మీద ఇష్టం పుట్టింది ఆ పుస్తకాలతోనే అట. కానీ ఆధారం ఒక్కటే దొరికింది, ఎప్పుడో మూతపడ్డ వారపత్రికలో ఒక సమీక్ష. ఆదివారం సాయంత్రంలోగా రెండోది దొరక్కపోతే పేజీ తీసేయాలి.

"జర ఆలోచించు అన్నా," అంది మేడం.

"రూల్ అంటే రూలే మేడం. కానీ ఒక్కసారి పోయి ఆయన్నే అడుగుత. ఇంట్ల పాత పేపరు ముక్క ఏదన్నా ఉండొచ్చు."

శనివారం పొద్దున్నే బయల్దేరాను. బస్సులు బందు. ఆటోలు, జీపులు మారి మారి చిట్యాల చేరేసరికి పన్నెండున్నర. చూస్తే షాపుకు తాళం! పక్కనున్న కిరాణా ఆయన రోడ్డు అవతలి టెంటు చూపించాడు. "ఓదెలు బాపు ఇయ్యాల దీక్షల కూసున్నడు."

రోజుకు ఐదుగురు చొప్పున చేస్తున్న రిలే నిరాహార దీక్ష. ఓదెలు గారు మధ్యలో ఉన్నారు. మెడలో బంతిపూల దండ, దండ కింద కొలతల టేపు. నేను "జనగామ నుంచి వచ్చిన" అన్నానో లేదో, ఒక అక్క గబగబా వచ్చి నా మెడలో కూడా దండ వేసేసింది. మైకులో "సంఘీభావం తెలుపనీకె జనగామ నుంచి వచ్చిన అన్నకు..." అని అందుకున్నారు. కాదని చెప్పబోయాను. ఆ చప్పట్లలో ఎవరికి వినబడుతుంది? తీసుకెళ్లి ఓదెలు గారి పక్కనే కూర్చోబెట్టారు.

సరే, ఇదీ మంచిదే అనుకొని విచారణ మొదలుపెట్టాను.

"మీ గురించి ఎవరన్నా రాసిన్రా?"

"నా గురించి ఎవలు రాస్తరు తమ్మీ? నెలకొక్కపారి కరెంటాయన బిల్లు రాస్తడు."

"నవలల గురించి అడుగుతున్న."

ఆయన నవ్వు ఆగిపోయింది. మొదటి నవల పట్టుకొని అప్పట్లో ఒక పెద్ద పబ్లిషర్ దగ్గరికి పోయారట. కథ బాగుందన్నారట. కానీ రాకుమారుడు 'ఏంది, ఎట్ల' అంటున్నాడు, ఆ భాష రాక్షసుడికి పెట్టి రాకుమారుడికి మంచి భాష పెట్టమన్నారట.

"నేను పెట్టనన్న. నా రాకుమారుడు మా అవ్వ లెక్కనే మాట్లాడుతడన్న. ఇగ గంతే. బట్టలు కుట్టుకుంట నేనే అచ్చేయించుకున్న. గవి పెద్ద పేపర్లోళ్ళ దాక ఎట్ల పోతయి?"

నాకు మనసులో ఎక్కడో గుచ్చుకుంది. కానీ బయటపడలేదు. "నీ బాధ అర్థమైంది అన్నా. ఆధారం లేకుంటే మాత్రం రేపు పేజీ తీసేయాలె."

"తీసేస్తే నేను రాయనట్టేనా?"

"రాసినవని ఇంకొకలు రాయాలె."

ఆయన పక్కాయన వైపు తిరిగారు. "ఇన్నవా? నేను కుట్టిన అంగీ ఊరంత తొడుక్కొని తిరిగినా సాలదట. కుట్టినట్టు ఎవలన్నా కాయితం రాసియ్యాలెనట!"

టెంటంతా నవ్వింది. సరిగ్గా అప్పుడు ఒంటిగంట అయింది.

ఇక్కడే నా క్రమశిక్షణ నన్ను ముంచింది. ఇరవై ఏళ్లుగా నేను ఒంటిగంటకే తింటాను. నిమిషం అటూ ఇటూ కానివ్వను. విచారణకు పోయిన చోట మంచినీళ్లు కూడా ముట్టకూడదని క్యారియర్ వెంట తెచ్చుకున్నాను. గడియారం చూశాను. చెయ్యి దానంతట అదే సంచిలోకి పోయింది. మూత తీశాను. కలిపాను. ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

వంకాయ కూర. పైన ఎల్లిపాయ కారం. పొద్దటి నుంచి మంచినీళ్ల మీద ఉన్న ఐదుగురికీ ఆ వాసన ఒకేసారి తగిలింది.

టెంటు చప్పబడిపోయింది. నేను ఎంత గద్దించినా మా రీడింగ్ రూం అంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదు.

"తమ్మీ," అన్నారు ఓదెలు గారు మెల్లగా, "గిది నిరాహార దీక్ష."

ఉమ్మేద్దామంటే అన్నం, పాపం తగులుతుంది. మింగుదామంటే దిగదు. ఒక బుగ్గ ఉబ్బించుకొని, మెడలో దండతో అలాగే ఉండిపోయాను. ఎదురుగా క్లిక్! పేపరు విలేకరి!

"ఎవడే వీడు?"

"దీక్ష చెడగొట్టనీకె పంపిన్రు వీన్ని!"

"దండ గుంజున్రి ముందుగాల!"

వేసిన అక్కే వచ్చి గుంజింది. జనంలో నలుగురు చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ లేచారు.

"ఆగున్రి!" ఓదెలు గారు నాకు అడ్డంగా నిలబడ్డారు. "ఈయన దీక్షకు రాలే. నేను నవలలు రాసిన్నో లేదో ఎంక్వైరీ చేయనీకె వచ్చిండు. ఆకలైంది, తింటున్నడు. తిననీయున్రి. కాకపోతే జర అవుతలికి పొమ్మనున్రి, మాకు నోరూరుతున్నది!"

జనం నవ్వారు, నేను బతికాను. భూపాలపల్లి నుంచి వచ్చిన ఆ విలేకరి మాత్రం కెమెరా దించి, "బాపూ, నువ్వు నవలలు రాస్తవా?" అని నోరు తెరిచాడు. నోట్‌బుక్ తీసి ఆయన పక్కన చతికిలబడ్డాడు. నేను కిరాణా షాపు వెనక గోడవైపు తిరిగి మిగిలిన అన్నం తిన్నాను. పారేయడం తప్పు కదా!

ఆదివారం పొద్దున్నే రజియా మేడం ఫోన్. నవ్వు ఆగితే గానీ మాట రాలేదు. "సత్తెన్నా! పేపర్ చూసినవా? రెండో ఆధారం దొరికింది!"

పేపరు తెప్పించి విప్పాను. జిల్లా పేజీలో సగం మాదే. బుగ్గ ఉబ్బిన నేను, పక్కన ఓదెలు గారు. పైన లావుపాటి అక్షరాలు: 'దీక్షా శిబిరంలో వంకాయ కూర!' కింద మాత్రం అంతా ఆయన గురించే. ఏడు నవలలు, కుట్టు మిషన్, రాకుమారుడి భాష, పబ్లిషర్‌కు చెప్పిన జవాబు.

నేను రూల్ ప్రకారమే చూశాను. విలేకరి చుట్టమా? కాదు. స్నేహితుడా? నిన్నటిదాకా పేరే తెలియదు. అచ్చులో ఉందా? ఉంది, నా మొహంతో సహా.

"పేజీ ఉంచున్రి మేడం," అన్నాను.

అవతలి నుంచి మెల్లగా "షుక్రియా అన్నా" అని వినబడింది.

"కాకపోతే చిన్న మాట. ఆధారాల కాడ ఆ హెడ్డింగ్ లేకుంట ఒట్టి తేదీ పెడితే సాలదా?"

"ఎట్లయితదన్నా? హెడ్డింగ్ ఉన్నదున్నట్టు పెట్టాలె. రూల్ అంటే రూలే!"

అలా ఓదెలు గారి పేజీ నిలబడింది. మీరూ చూడొచ్చు. ఆయన నవలల్లోని, మొసలి మీద స్వారీ చేసే రాకుమారి ఉంది, అలిగి వాన కురిపించని మబ్బు ఉంది. వాటికి ఆధారం ఏదని ఎవరూ అడగరు. ఆ పేజీలో లోకమంతటికీ ఫోటోతో సహా రుజువైంది ఒక్కటే: మధ్యాహ్నం ఒంటిగంటకు జనగామ సత్తయ్య అన్నం తిన్నాడు!