నలభై ఏడో నంబరు కాగితం

బోరబండ నుంచి ఎవరో ఒకామె నన్ను వెతుక్కుంటూ తిరుగుతున్నదన్న కబురు మొదట తెచ్చింది యాదమ్మ. ఫిలింనగర్‌లో మా గుడి మెట్ల దగ్గర పూలమ్ముతుంది. "జూబ్లీహిల్స్ బంగళాల పాత ఉత్తరాలు సదివినామె నువ్వే గదా అమ్మా? నిన్నే అడుగుతున్నది" అంది. అప్పటి నుంచి ఏడేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. ఇవాళ మీ ముందు దించాలని కూర్చుని, ఈ నాలుగు మాటలకే మూడుసార్లు లేచాను.

నేను బడి ముఖం చూడలేదు. మా తాతగారే ఇంట్లో పలక పట్టించారు. పూర్వం పట్వారీలు కలం ఎత్తకుండా రాసే గొలుసుకట్టు రాత కూడా ఆయనే నేర్పారు. ఆ విద్యతో పని పడుతుందని ఎవరూ అనుకోలేదు. కొండ మీద ఇళ్లన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీలకు పోతున్న రోజుల్లో ఒక పెద్దింటివాళ్లు కూడా బంగళా ఖాళీ చేస్తూ, ఊరి నుంచి తెచ్చుకున్న తాతల నాటి ఉత్తరాల పెట్టెను చరిత్ర భాండాగారానికి ఇవ్వాలనుకున్నారు. ఆ రాత చదివేవాళ్లు దొరక్క ఆ ఇంటి అమ్మగారు నన్ను పిలిపించారు. డిగ్రీలున్నవాళ్ల ఎదుట కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఆవిడను తలుచుకుంటాను.

ఒక్కో కాగితానికి నంబరు వేసి, అందులో ఏముందో పుస్తకంలో ఒక వాక్యం రాయాలి. అదీ నా పని. నాలుగో రోజు, జాతకాలు చుట్టిన ఎర్రగుడ్డలో ఒక పోస్టుకార్డు కనిపించింది. మూలకు నల్ల సిరా పూసి ఉంది. చావు కబురు. పట్నంలో ఉండే తమ్ముడు ఊళ్లోని అన్నకు రాశాడు. "మన చిన్న కోడలు సుభద్ర నిన్న కాలం చేసినది. ఆడపిల్ల బతికినది. మీరందరు పది దినములు మైల పట్టవలెను."

చదివాను. చింపేశాను.

మీకు వింతగా ఉండవచ్చు. మా ఇంట్లో అలాంటి కార్డు వస్తే నాన్న గడప దాటనిచ్చేవారు కాదు. బయటే నిలబడి చదివి, ముక్కలు చేసి, తలమీద నీళ్లు పోసుకుని లోపలికి వచ్చేవారు. నా చేతులకు అదే తెలుసు. ముక్కలు చెత్తలో వేసి, ఇంటికొచ్చి తలస్నానం చేశాను. నీళ్లు పోసుకుంటుంటే తట్టింది. ఆ ఇంటివాళ్లకు మాత్రం ఈ ఆచారం తెలియదా? తెలిసీ ఆ కార్డును జాతకాల మధ్య నలభై ఏళ్లు ఎవరో దాచారంటే, ఎంత అవసరమనుకుని దాచి ఉంటారు?

మర్నాడు వెళ్లేసరికి చెత్త ఎత్తుకెళ్లిపోయారు. పుస్తకంలో నలభై ఏడు అని నంబరు మాత్రం వేసి ఉంది. దాని పక్కన, వానలు పడలేదని రాసిన వేరే ఉత్తరాన్ని ఎక్కించాను. చింపడం తెలియక చేశాననుకుందాం. మరి ఇది? నా జాబితా తర్వాత భాండాగారం కంప్యూటర్లోకి కూడా ఎక్కింది. అమ్మగారు నాకు శాలువా కప్పారు.

యాదమ్మ వెంటబెట్టుకొచ్చినామె పేరు భారతి. మెడలో టేపు, జాకెట్టుకు గుచ్చిన సూదులు. సినిమావాళ్లకు బట్టలు కుడుతుంది. సుభద్ర కూతురు. తల్లి కూడా స్టూడియోలో బట్టలు కుట్టేదట. ఆ ఇంటి చిన్నకొడుకు ఆమెను చేసుకున్నాడు. ఆమె పోయాక అతను మళ్లీ పెళ్లాడాడు. ఆ తర్వాత ఆ ఇంట్లోవాళ్లు అసలు మొదటి పెళ్లి జరగనే లేదన్నారు. పిల్లను సుభద్ర అక్క పెంచింది.

"ఆస్తి గీస్తి నాకొద్దమ్మా" అంది భారతి. "మా అమ్మను గా ఇంటి కోడలని ఒక్కరన్న రాసిన్రా? సుభద్ర అని యాడన్న ఉన్నదా?"

"గంత పెద్ద పెట్టెల ఒక్క పేరు ఉండదా?" అంది యాదమ్మ.

"భాండాగారంల జాబితా సదివించుకున్న, అందరి గురించి రాసిన్రు. మా అమ్మ కాడికొచ్చేసరికి సిరా ఒడిసినట్టుంది" అని నవ్వింది భారతి.

"నాకు కనపడలేదమ్మా" అన్నాను.

"జర యాద్ చేస్కో."

"అన్నీ చూశాను. లేదు."

"పోనీ తియ్. సదివినదానివి నువ్వే చెప్పినంక ఇగ ఫికర్ లేదు. లేకుంటె జిందగీ అంతా దేవులాడుకుంట ఉందును." నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

ఎందుకు అబద్ధమాడాను? అమ్మగారి మీద కృతజ్ఞత అనుకున్నాను చాలాకాలం. నిజం చెబితే ఆవిడ ఇంటి గుట్టు బయటపెట్టినట్టవుతుందని. కానీ ఆవిడను ఒక్కసారైనా అడిగానా? అడిగితే ఏమనేవారో నాకెలా తెలుసు? బడి చదువు లేకపోయినా ఎంత విద్య అని మెచ్చుకున్న నలుగురి ముందు తెలివితక్కువదాన్ని కావడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే. దానికి కృతజ్ఞత అని మంచి పేరు పెట్టుకున్నాను. పరాయివాళ్లు పోతే ఎవరూ పది రోజులు మైల పట్టరు. ఆ ఒక్క మాట చాలు, సుభద్ర ఆ ఇంటి మనిషని చెప్పడానికి. ఆ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుస్తుంది?

పోయిన నెల భాండాగారానికి వెళ్లి అధికారికి అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "కాగితం లేకుండా మేమేమీ ఎక్కించలేమమ్మా" అన్నారు. అక్కడి నుంచి బోరబండ వెళ్లాను. భారతి గది ఖాళీ చేసి చాలా కాలమైందన్నారు. ఎక్కడికి పోయిందో యాదమ్మకూ తెలియదు. పూజలో క్షమించమని మొదలుపెడతాను, మధ్యలో ఆగిపోతాను. క్షమించాల్సింది దేవుడు కాదు కదా.

భారతీ, ఇది నీ కంటబడుతుందో లేదో. మీ అమ్మ పేరు ఉంది. నా కళ్లతో చదివాను. నా చేతులతో చింపాను. నీ ఎదుటే లేదన్నాను. ఇంత రాశాక ఊపిరి కొంచెం ఆడుతున్నది. మనసు మాత్రం కుదుటపడలేదు.

చదివినవాళ్లను ఒకటే అడుగుతాను. కాగితం ఇక లేదు కాబట్టి, మీరైనా సుభద్రను గుర్తుపెట్టుకోండి. స్టూడియోలో బట్టలు కుట్టేది. ఆడపిల్లను కని కన్నుమూసింది. ఆ ఇంటి చిన్న కోడలు.