బయటికి తెరుచుకునే తలుపు

పెళ్ళయిన కొత్తలో మగవాడికి తనకు తెలియని విషయం లోకంలో ఒక్కటీ ఉండదు. ఆ దశ నాకు కాస్త ఎక్కువకాలమే నడిచింది, పైగా అప్పట్లో నేను ఇంజనీరును కూడా. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి ఏళ్ళవి. రోడ్ల పని మీద వెళ్ళి, డర్బన్‌కి ఉత్తరాన ఉన్న వెరులంలో ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకున్నాను. ఆ ఊళ్ళో సగంమంది భయంతో కిటికీలకు ఊచలు బిగిస్తుంటే, మిగతా సగం ఆశతో గోడలకు రంగులు వేస్తున్నారు. (రెండూ ఒకే వారంలో చేయించినవాళ్ళూ ఉన్నారు, నాకు ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన వాళ్ళలో ఒకడు.) ఆశ సంగతి నాకు ఆఫీసువాళ్ళు చెప్పేవారు, భయం సంగతి కాకినాడ నుంచి మా మామగారు చెప్పేవారు. పేపర్లో చదివిన ప్రతి ఘోరమూ మా వీధిలోనే జరిగినట్టు, ఆదివారం ఫోన్లో ఆరా తీసేవారు. అప్పటికి మా పెళ్ళయి మూడు నెలలు. అందులో నేనూ మా ఆవిడా కలిసి ఉన్నది పదకొండు రోజులు. కూతుర్ని పంపడానికి ఆయన పెట్టిన షరతు ఒక్కటే.

"ముందు తలుపు సంగతి చూడండి అల్లుడుగారూ, టికెట్టు సంగతి తర్వాత చూద్దాం."

ఆయన అన్నారని కాదు గానీ, ఆ ఇంటి వీధి తలుపు చూస్తే నాకూ దిగులుగానే ఉండేది. రెండు పలచటి చెక్కరేకులు, మధ్యలో గాలి. వేలితో కొడితే తబలాలా పలికేది. మార్చుకోవడానికి ఇంటాయన ఒప్పుకున్నాడు. సలహాకి పక్కింటి అవ్వ దగ్గరికి వెళ్ళాను. అవ్వకు డెబ్బై దాటాయి. తాతలు చెరుకుతోటల పనికి విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళట. ఆవిడ తెలుగు మా ముత్తవ్వల కాలం నాటిది, మధ్యమధ్య ఇంగ్లీషులో మునిగి తేలేది. ఆవిడ మేనల్లుడు వారమంతా వడ్రంగి, ఆదివారం చర్చిలో ప్రసంగీకుడు. ఊరంతా అతన్ని 'బ్రదర్' అనేది. అవ్వ దీపం పెట్టేది, అతను ప్రార్థన చేసేవాడు, నా మీద జాలిపడడంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మతం.

ఒక శనివారం ముగ్గురం కలప అడితికి వెళ్ళాం. గోడకు వరసగా ఆనించిన తలుపుల్ని, కొబ్బరికాయలు బేరం చేసేవాడిలా ఒక్కొక్కదాన్నీ వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి విన్నాను. అంచులు నిమిరాను, అతుకులు వాసన చూశాను (ఎందుకో ఇప్పటికీ తెలియదు). అరగంట ఓపిక పట్టిన అవ్వ అడిగింది.

"అబ్బాయ్, నివ్వు తలుపు కొంటన్నావా, పెళ్ళాడతన్నావా?"

చివరికి మెరాంటి అనే ఎర్రటి గట్టి కలపతో చేసిన తలుపొకటి నచ్చింది. నిండు చెక్క, ఇద్దరు మోస్తే గానీ కదలదు. దొంగ ఎలా చూస్తాడో అలా చూడాలి కదా అని, నాలుగడుగులు వెనక్కి వేసి పరుగెత్తుకొచ్చి భుజంతో గుద్దాను. గోడకు ఆనించిన తలుపు గుద్దితే ఏమవుతుందో ఇంజనీరింగు నాలుగేళ్ళూ చదివినా నాకు తట్టలేదు. అది పక్కకు జారింది, దాని వెంట ఇంకో రెండు, వాటి మీద నేను. అడితి యజమాని వచ్చి నన్ను లేపి, దెబ్బ సంగతి అడగకుండా, తలుపు పెట్టబోయేది నా సొంత ఇంటికేనా అని మర్యాదగా అడిగాడు.

బిగించే రోజు అసలు తెలివి బయటపెట్టాను. తలుపు లోపలికి తెరుచుకుంటే తన్నినవాడి బలం గడియ మీద పడుతుంది, బయటికి తెరుచుకుంటే తన్నిన తన్నంతా ద్వారబంధమే మోస్తుంది, కాబట్టి బయటికే పెట్టమన్నాను. బ్రదర్ తల గోక్కుని, "సరే గానీ, అప్పుడు మడతబందులు..." అని ఏదో మొదలుపెట్టాడు. నేను కాగితం మీద బాణాలు గీసి బలాల లెక్క వివరించాను. అతను కాగితం వైపు, నా వైపు చూసి, బయటికే పెట్టాడు. వెళ్తూ వెళ్తూ, వానలు రాకముందే వార్నిష్ ఆరు పక్కలా వేయాలని, తలుపు తలకూ పాదానికీ అంచులకూ మరీ ముఖ్యమని చెప్పాడు. కావాలంటే దింపి తనే వేస్తానన్నాడు. ఆ మాత్రం నాకు చేతకాదా అని పంపించేశాను. తలుపు పాదం ఎవడు చూస్తాడు? కనబడే రెండు వైపులా అద్దంలా మెరిపించాను. ఆదివారం ఫోన్లో మందం ఎన్ని అంగుళాలో చెప్పాక, మామగారు టికెట్టు కొన్నారు.

మా ఆవిడ వచ్చే వారం మూడు రోజులు ఎడతెగకుండా వాన పడింది. విమానాశ్రయానికి బయల్దేరుతూ వెనక తలుపుకు లోపల రెండు గడియలూ వేసి, వీధి తలుపును బయట నుంచి రెండు చేతులా నెట్టి మూస్తే గానీ పడలేదు. ఎంత బిగువు అని మురిసిపోయాను కూడా. మధ్యాహ్నం ఇద్దరం తిరిగొచ్చాం. తాళం తిరిగింది, తలుపు రాలేదు. లాగాను. మెట్టుకు కాలు తన్నిపెట్టి లాగాను. పిడి ఊడి చేతికొచ్చింది, నేను వెళ్ళి పూలకుండీలో కూర్చున్నాను. కిటికీలకు ఊచలు, వెనక తలుపుకు నా గడియలు. ఏడు సముద్రాలు దాటి వచ్చిన కొత్త పెళ్ళికూతురు రెండు సూట్‌కేసులతో వానలో నిలబడి, తనను భద్రంగా చూసుకుంటానన్న మొగుణ్ణి చూస్తోంది. వీధిలో జనం పోగయ్యారు. అవ్వ గొడుగు తెచ్చి మా ఆవిడకు పట్టింది.

"షేమ్ అబ్బాయ్, శానా మంచి డోరు. నిన్నే రానీదు."

(అక్కడ 'షేమ్' అంటే సిగ్గుచేటని కాదు, అయ్యో పాపం అని. ఆ రోజుకి ఏ అర్థమైనా సరిపోయేది.)

కబురందుకుని బ్రదర్ వచ్చాడు. జేబులోంచి పొడుగాటి మేకు, సుత్తి తీసి, బయటివైపున్న మూడు బందుల్లోంచి మూడు చీలల్నీ కింద నుంచి పైకి కొట్టి, ములక్కాడలు ఏరినట్టు ఏరాడు. బందుల పక్క నుంచి ఉలితో పెళ్ళగించి, రెండో కొస నా చేత పట్టించి, తలుపు మొత్తం ఎత్తి గోడకు ఆనించాడు. నేను పగలగొట్టలేని తలుపు తీయడానికి అతనికి పట్టింది రెండు నిమిషాలు, అది కూడా వీధి వీధంతా చూస్తుండగా. మా ఆవిడ ఆ దేశంలో నాతో మాట్లాడిన మొదటి సరైన మాట అప్పుడే.

"ఏవండీ, దొంగల దగ్గర సుత్తి ఉండదా?"

నా దగ్గర బాణాల కాగితం లేదు, ఉన్నా చూపించేవాణ్ణి కాదు. నీళ్ళు తాగిన తలుపును ఆరబెట్టి, చిత్రిక పట్టి, ఆరు పక్కలా వార్నిష్ వేసి, లోపలికి తెరుచుకునేలా పెట్టడానికి నాలుగు రోజులు కావాలని బ్రదర్ దాన్ని మోయించుకుపోయాడు. ఆ నాలుగు రోజులూ మా వీధి గుమ్మానికి తలుపు లేదు, మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పూల దుప్పటి ఉంది.

నేను సెలవు పెట్టి, గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఇంటాయన వదిలేసిన క్రికెట్ బ్యాటు ఒళ్ళో పెట్టుకుని కాపలా కూర్చున్నాను. వచ్చినవాళ్ళకు తట్టడానికి తలుపు లేదు గనక మెట్ల మీదే నిలబడి మాట్లాడేవారు. బ్యాటు చూసి ఎదురింటి రిటైర్డ్ టీచరు రోజుకు రెండుసార్లు వచ్చి క్రికెట్ మాట్లాడాడు. అవ్వ చిక్కుడుగింజల కూరా రొట్టెలూ తెచ్చి, లోపల మా ఆవిడతో గంటలు గంటలు కూర్చుంది. చక్కెర మిల్లుకు వెళ్ళే జులు జాతి పెద్దాయన పొద్దున్నే ఆగి "సావుబోనా" అనేవాడు. (వచ్చిన కొత్తలో ఆ పలకరింపులో 'సావు' ఒక్కటే వినిపించి హడలిపోయేవాణ్ణి. 'నిన్ను చూశాను' అని దాని అర్థమట.) నేను బ్యాటు గట్టిగా పట్టుకుని, భయం కనబడకుండా అందరికీ ఒకేలా నవ్వేవాణ్ణి.

నాలుగో రోజు తలుపొచ్చింది. వేలితో తోస్తే తెరుచుకుంది. అప్పటికే వీధిలో నాకో పేరొచ్చేసింది. కొత్త పెళ్ళాం వచ్చినా లోపల కూర్చోకుండా, నలుగురి కోసం గుమ్మంలో కుర్చీ వేసుకునే కలుపుగోలు మనిషినట. అవ్వ ఆ మాట చెబుతుంటే మా ఆవిడ నా వైపు చూసి, ఔననలేదు, కాదనలేదు. ఆ వీధిలో మేం తొమ్మిదేళ్ళున్నాం, ఆ కాపలా సంగతి ఎవరికీ చెప్పలేదు. జనం లేకపోతే తోచని మనిషినని వాళ్ళు గట్టిగా నమ్మారు, నమ్మగా నమ్మగా నేనూ అలాగే తయారయ్యాను. ఇప్పుడు ఎప్పుడైనా, ఒళ్ళో బ్యాటుతో, వచ్చిన ప్రతివాడికీ బెదురుగా నవ్వుతున్న ఆ కుర్రాడు గుర్తొస్తే, వెళ్ళి భుజం తట్టి, "కూర్చో నాయనా, మంచి చోటే కూర్చున్నావు" అనాలనిపిస్తుంది.