బోర్డు మీద అరచెయ్యి

మా ఫిజిక్స్ సార్ ఇక లేరు. కారంపూడి నుంచి స్కూటర్ మీద గురజాలకు, మా ట్యూషన్‌కు వస్తూ, మలుపులో ఆగి ఉన్న మిరపకాయల ట్రాక్టర్‌ను ఢీకొన్నారు. మేం ట్యూషన్ జరిగే మేడగది మెట్ల మీద కూర్చుని ఆయన కోసం చూస్తున్నాం. కింద కొట్టు టైలర్ బాబాయి పైకొచ్చి, "ఇళ్లకి పొండమ్మా. సార్ రాడు," అని మాత్రం అన్నాడు.

ఆయన ఏ లెక్కనూ సూత్రంతో మొదలుపెట్టనిచ్చేవారు కాదు. బోర్డుకు ఎడమవైపు 'ముందు', కుడివైపు 'తర్వాత' అని రాసి, రెండు బళ్ల బొమ్మలు వేసి, మధ్యలో సుద్ద అంటిన అరచెయ్యి ఆనించేవారు.

"గుద్దుకున్నప్పుడు ఈ మధ్యన ఏం జరిగిందో మనకి తెలవదు. తెలవకపోయినా లెక్క వస్తది. మొమెంటం గొప్పతనం అదేరా."

నా స్నేహితురాలు రేష్మా ఊరుకునేది కాదు. "మరి శక్తి తగ్గిందిగా సార్. యాడికి పోయింది?"

"యాడికీ పోలా. చప్పుడైంది, వేడైంది, రేకు సొట్టైంది. మళ్లీ పోగుచెయ్యలేం, చెదిరిపోయిన నీ చేతిరాత లాగా."

విద్యుత్ పొటెన్షియల్ లెక్కల్లోనూ అదే చెయ్యి. రెండు బిందువులు పెట్టి, వాటి మధ్యను కప్పేసేవారు. "చార్జి ఏ దారిన పోయిందో అడగమాకండి. యాడ బయల్దేరింది, యాడ ఆగింది. అది చాలు."

తెలియనిదాన్ని అలా చేత్తో కప్పి ముందుకు పోవచ్చని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ మధ్యభాగమే నన్ను వదలడం లేదు. మా ఊరూ ఆ రోడ్డు మీదే. బస్సెక్కితే అదే మాట. "ఎంత స్పీడు మీద వచ్చాడంట?" "బ్రేకు కొట్టాడంటావా?" పుస్తకం తెరిస్తే, 'నిశ్చలంగా ఉన్న వస్తువును ఢీకొని' అన్నచోట కళ్లు ఆగిపోతున్నాయి. రోడ్డు మీద ఎర్రగా చెదిరిన కాయలు కనిపిస్తాయి. పరీక్షలు దగ్గరపడ్డాయి. నిన్నటిదాకా అలాంటి లెక్క ఒక్కటీ చేయలేకపోయాను.

నిన్న సార్ భార్య గది ఖాళీ చేయడానికి వచ్చారు. రేష్మా, నేను సాయం వెళ్లాం. రేష్మా బోర్డు తుడవబోతే ఆమె ఆపారు. రోజూ చెయ్యి ఆనినచోట తెల్లటి మరక, వేళ్లతో సహా.

"అది ఉండనియ్యమ్మా," అన్నారు. సుద్దముక్క తీసి రేష్మాకిచ్చి, "ఒక లెక్క చెయ్యండే. సుద్ద చప్పుడు లేకపోతే ఆయన గదిలాగా లేదు," అన్నారు.

రేష్మా దాన్ని నా చేతిలో పెట్టింది. ఎడమవైపు 'ముందు' అని రాశాను. కుడివైపు రాయడానికి చెయ్యి కదలలేదు. ఎడమచేతిని ఆ మరక మీద పెట్టాను. ఆయన వేళ్లు నా వేళ్లను దాటి ఉన్నాయి. చెయ్యి తీయకుండానే 'తర్వాత' అని రాసి, గుద్దుకున్న బళ్ల లెక్క పూర్తిచేశాను. జవాబు సరిపోయింది.

తిరుగు బస్సు ఆ మలుపు దగ్గరికి రాగానే అందరూ కిటికీల వైపు ఒరిగారు. నేను అరచేతిని అద్దానికి ఆనించాను. మలుపు దాటాక చెయ్యి తీస్తే, అద్దం మీద పల్చగా సుద్ద. దాని వెనక పొలాలు పరుగెడుతున్నాయి.