విరగని కుర్చీ

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, నేపర్‌విల్‌లో మా ఉగాది సభ ఒక స్కూలు కెఫెటీరియాలో జరిగేది. ఆ ఏడాది అక్కడున్నవి, ఉన్నవాళ్లు: పులిహోర ట్రేలు, అరువు మైకు, కూచిపూడి పిల్లలు, వాళ్లకు ఫొటోలు తీసే నాన్నలు, పద్యనాటకాలు చూసి పెరిగిన పెద్దలు, నేను, నేను చేసిన విరిగే కుర్చీ, బావాజీ.

బావాజీ మా ఆఫీసులో పనిచేసే పార్సీ అమ్మాయి తండ్రి. బొంబాయిలో నలభై ఏళ్లు గుజరాతీ హాస్యనాటకాల్లో మొగుడి వేషాలు కట్టినవాడు, ఇక్కడ కూతురింట్లో టీవీ ముందు కూర్చున్నాడు. చుట్టుపక్కల పార్సీ కుటుంబాలు రెండే. “మావాళ్ల ముందు ఆడండి” అన్నాను. ఒప్పుకున్నాడు. గుజరాతీ ముక్క రాని ఆ జనం నవ్వకపోతే ఇక మొహానికి రంగు వేయనని ఒట్టు కూడా పెట్టుకున్నాడు.

“ఈ వయసులో కిందపడటమేంటి నాన్నా?” అని కూతురు కేకలేసింది.

“మాట అర్థంకాని చోట మనిషి పడాలి” అని ఆయన నావైపు తిరిగాడు. “నువ్వు కుర్చీ సంగతి చూడు, డీక్రా.” (వాళ్లలో అబ్బాయిని అలా పిలుస్తారు.)

ఆయన కూర్చోగానే కుర్చీ వెనక కాళ్లు విడిపోవాలి. వాటిని పట్టి ఉంచేది ఒక చెక్క మేకు. బావాజీ బరువు కనుక్కుని, మేకు ఎంత మందముంటే విరుగుతుందో లెక్కగట్టి, కాలేజీలో నేర్పినట్టే సేఫ్టీ కోసం దాన్ని రెండింతలు చేశాను. (విరగటానికి చేసేదానికి సేఫ్టీ ఎందుకని ఆ లెక్క సరిచూసిన మరో ఇద్దరు ఇంజనీర్లు కూడా అడగలేదు.)

బావాజీ స్టేజీ ఎక్కి, కనపడని పెళ్లాన్ని తిట్టి, దర్జాగా కూర్చున్నాడు. కుర్చీ కదల్లేదు. లేచి మళ్లీ కూర్చున్నాడు. ఎగిరి కూర్చున్నాడు. హాల్లో ఎవరో దగ్గారు. తెర పక్కన నాకు చెమటలు పట్టాయి. ఆయన మాత్రం తగ్గలేదు. కుర్చీని బుజ్జగించాడు, బెదిరించాడు, దణ్ణం పెట్టాడు. ముందు వరుసలో ఒక పిల్ల కిసుక్కుమంది. ఆయనకు అది చాలు. చరచరా వచ్చి, నన్ను చెవి పట్టుకుని వెలుగులోకి లాక్కెళ్లి, “కూర్చో, డీక్రా!” అన్నాడు. వినయంగా కూర్చున్నాను. టప్పుమంది. నేనూ, కుర్చీ, నా జేబులోని కాలిక్యులేటరూ తలో దిక్కునా పడ్డాం.

“అబ్బ, ఏం పడ్డాడ్రా! వన్స్ మోర్!” అని వెనక వరుసల్లోంచి పెద్దల కేక. పద్యానికి వేసే కేకే.

“పడటానికి వన్స్ మోర్ ఏంటండీ?” అన్నాను నేలమీంచే.

“లే బాబూ లే, టైమ్ వేస్ట్ చెయ్యకు!”

బావాజీ నన్ను లేవదీశాడు. “వన్స్ మోర్ అంటే కాదనకూడదు. బొంబాయిలోనూ ఇదే ధర్మం.” విరిగిన మేకు చోట నా పెన్సిల్ పెట్టాను (ఈసారి లెక్క వేయలేదు).

సభ అయ్యాక, కారెక్కబోతూ ఆగాడు. “నలభై ఏళ్లూ నేనే కింద పడి ఉండేవాణ్ని, డీక్రా. జనం నవ్వితే ఎలా ఉంటుందో ఇవాళే నిలబడి చూశాను.” కూతురు తలుపు తీసి పట్టుకుంది. ఆ దీపావళికి ఆయన మళ్లీ రంగు వేసుకున్నాడు, నేను మళ్లీ ఆ కుర్చీలో కూర్చున్నాను.

నాకిప్పుడు ఆయన వయసు దగ్గరపడింది. చెమటలు కక్కిన ఆ కుర్ర ఇంజనీరును తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. ఆ తర్వాత నన్ను చూసి అంతమంది మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు. స్టేజీ మీద నేను పడింది మొత్తం మూడుసార్లు.