పెన్నరటిని తెచ్చుకుందామని బెంగళూరు వెళ్ళాం

ఈ ప్రయాణం గురించి రాయకూడదనే అనుకున్నాను. తిరిగొచ్చి రెండు నెలలైనా కోపం చల్లారలేదు, ఇలాంటప్పుడు రాస్తే మాట తూలుతుందని భయం. కానీ మీలో కొందరు మీ దొడ్లోని పాత రకం కందో, పసుపో, అరటో బెంగళూరులో దాచిపెట్టడానికి వెళ్ళాలనుకుంటున్నామని రాశారు. మీరు బస్సెక్కే లోపే ఇది చదవడం మంచిది.

మా మేనత్త నాగమ్మది తాడిపత్రి దగ్గర పెన్న ఒడ్డున ఒక చిన్న ఊరు. ఆమె తోటలో కాసేదాన్ని మేము పెన్నరటి అనేవాళ్ళం. తొక్క పల్చన, లోపల కాస్త పులుపు, గెల దించి పది రోజులైనా పండు మెత్తబడేది కాదు. ఊరంతా మార్కెట్ రకాలకు మారినా అత్త మారలేదు. మూడేళ్ళ క్రితం బెంగళూరు శివార్లలోని ఒక సంస్థ వాళ్ళు జీపులో వచ్చి పిలకలు తవ్వి తీసుకెళ్ళారు. తినే అరటికి విత్తనం ఉండదు కదా, డబ్బాలో పోసి దాచుకోవడానికి. అందుకని పిలక మొవ్వులోంచి ఆవగింజంత ముక్క కోసి, ద్రవ నైట్రోజన్‌లో ముంచి, సున్నాకు దాదాపు రెండు వందల డిగ్రీల కింద గడ్డకట్టించి ఉంచుతారట. కావాలన్నప్పుడు కరిగించి, సీసాలో పెంచి, మళ్ళీ మొక్కగా చేసి ఇస్తారట. "ఎన్నేళ్ళయినా చెక్కుచెదరదమ్మా, మీ మునిమనవళ్ళు కూడా ఈ పండు తింటారు" అని చెప్పి వెళ్ళారు. ఆ తరువాత తోటకు ఎండు తెగులు తగిలింది. ఆకులు పసుపెక్కి, మానులు నిలువునా చీలి, చూస్తుండగానే తోట మొత్తం పోయింది. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా ఆ రకం లేదు. అత్త మాత్రం కంటతడి పెట్టలేదు. "బెంగళూరులో ఉండాది కదరా, నేల మార్చి మళ్ళీ పెట్టుకుంటాం" అనేది.

దసరాకు వారం ముందు నేనే ఆ సంస్థకు ఫోన్ చేసి మా మొక్కలు మాకు కావాలన్నాను. "పండగ వెళ్ళాక సోమవారం రండి సార్, ఇప్పుడందరూ పూజ హడావిడిలో ఉన్నారు" అన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

సోమవారం తెల్లవారుజామున తాడిపత్రిలో బయలుదేరి అనంతపురంలో బస్సు మారాం. అక్కడి నుంచి బెంగళూరుకు బస్సులకు కొదవలేదు, టికెట్టు నూరు రూపాయలకు కాస్త అటూ ఇటూ. పెనుకొండ దాటాక కూర్చోవడానికి సీటు దొరికింది. పదిన్నరకల్లా మెజెస్టిక్‌లో దిగి, ఇడ్లీ తిని, నడిచి బళేపేట సందుల్లోకి వెళ్ళాం. అత్తకు బుట్ట కావాలి. ఆ రోజే మొక్కలు చేతికిస్తారని మా నమ్మకం, ముక్క మొక్క కావడానికి నెలలు పడుతుందని ఫోన్‌లో వాళ్ళు చెప్పలేదు. గోనెసంచిలో మొక్కలు నలిగిపోతాయని ఆమె దిగులు. నాలుగు దుకాణాలు తిరిగి, పక్కలకు కన్నాలున్న ఆకుపచ్చ ప్లాస్టిక్ బుట్ట ఎంచుకుంది. "కాయగూరలకామ్మా?" అని అడిగాడు దుకాణదారు. "పిల్లకాయలకు. దావలో ఊపిరాడల్ల కదా" అంది అత్త. అతను నా వైపు అయోమయంగా చూస్తే అరటి మొక్కలని చెప్పి నవ్వాను. ఆ రోజు నేను నవ్వింది అదే చివరిసారి.

మెజెస్టిక్‌లో అత్తిబెలె వైపు వెళ్ళే సిటీ బస్సు ఎక్కాలి. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్, ఆ పైన ఎలక్ట్రానిక్ సిటీ దాకా ఫ్లైఓవర్ పనుల దుమ్ము. చందాపురలో దిగేసరికి ఒంటిగంట దాటింది. రెండు గంటలు దీనికే కేటాయించుకోండి. అక్కడ ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవర్ నడివయసు మనిషి, ఎన్ని తరాల కిందటో బెంగళూరు చేరిన తెలుగు కుటుంబం. ఆటో అద్దానికి బంతిపూల దండ ఇంకా వేలాడుతోంది.

"యాడికి పోవల్లప్పా? ఆ చలి ఆఫీసుకా? నాకు తెలుసు, చెరువు దాటినాక ఉండాది."

"పూజ బాగా చేసినట్టున్నావే" అంది అత్త దండ చూసి.

"చేసినానమ్మా. బండిని రెండు దినాలు తీయకూడదంటారు. సుమ్నే నిలబెట్టుకుంటే ఇంట్లో పొయ్యి వెలగద్దా? కాయ కొట్టినా, దండం పెట్టినా, సాయంత్రానికే తోలినా."

సంస్థ పేరు రాయను. గేటు దగ్గర పగిలిన బూడిద గుమ్మడికాయలు, ఎండిన కుంకుమ మరకలు ఇంకా అలాగే ఉన్నాయి. మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళింది ఒక యువ శాస్త్రవేత్త, గుంటూరు వైపు అబ్బాయి, మర్యాదస్తుడే. నాలుగు రోజుల సెలవుల తరువాత ఆ గది తలుపు తీయడం మా కోసమేనని అతనే చెప్పాడు. గది మధ్యలో నడుమెత్తు స్టీలు టాంకు. దానికి మూడు గీతల విభూతి, కుంకుమ, మెడ చుట్టూ వాడిన చేమంతి దండ, మూతకు పసుపుతాడు ముడి. అటూ ఇటూ రెండు అరటి పిలకలు నరికి తెచ్చి కట్టారు. అరటిని బతికించే పెట్టెకు అలంకారం అరటి శవాలు! అత్త వాటిని చూసి బుట్టను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

అతను తాడు విప్పి మూత తీశాడు. మూత తీయగానే తెల్లటి పొగ పొంగి నేల మీదికి దిగుతుందని మాకు ముందే చెప్పాడు, భయపడొద్దని. పొగ రాలేదు. అతను గోడకున్న చెక్క స్కేలు తీసి లోపల ముంచి పైకెత్తాడు. నైట్రోజన్ ఉంటే, అది ఉన్నంత మేర చెక్క మీద తెల్లగా మంచు పడుతుందట. స్కేలు పొడిగా ఉంది. మళ్ళీ ముంచాడు. మళ్ళీ పొడిగానే వచ్చింది.

విషయం ఒక్కొక్కటిగా రాబట్టాను. ఆ టాంకు పాతది, నైట్రోజన్ ఆవిరైపోతూనే ఉంటుంది, మూడు నాలుగు రోజులకొకసారి పోయాలి. పోయాల్సిన రోజు ఆయుధపూజ అయింది. పూజ చేసిన యంత్రాన్ని విజయదశమి దాటేదాకా ముట్టుకోకూడదని అందరూ ఊరుకున్నారు. ఆ తరువాత శని, ఆదివారాలు. మట్టం తగ్గితే మోగే అలారం ఉంది. దానికీ బొట్టు పెట్టి, దానికీ విశ్రాంతి కావాలి కాబట్టి స్విచ్ ఆపేశారు!

"యాక్చువల్‌గా సార్, ఇది ఎవరి మిస్టేక్ అనీ కాదు. సిస్టమ్‌లో చిన్న గ్యాప్ వచ్చింది" అన్నాడు అతను.

ఒళ్ళు మండిపోయింది. ఇంతమంది చదువుకున్నవాళ్ళు, ఒక్కరికైనా ఇంట్లో ఫ్రిజ్ ఆపేసి పూజ చేయాలని తోచిందా? గేటు దాకా వినపడేలా అరిచాను. మీ డైరెక్టర్ ఎక్కడ అంటే మీటింగ్‌లో ఉన్నారన్నారు. అత్త నా భుజం పట్టి వెనక్కి లాగింది. అరవలేదు, మామూలుగానే మాట్లాడింది.

"మేమూ గొడ్లకు పూజ చేస్తాం నాయనా. కొమ్ములకు రంగులేస్తాం, దండలేస్తాం. పూజ చేసినామని నీళ్ళు పెట్టకుండా కట్టేస్తామా?"

అతను ముక్కలన్నిటినీ కరిగించి సీసాల్లో పెట్టి చూస్తానని, ఒక్కటి పచ్చబడినా ఫోన్ చేస్తానని అన్నాడు. తిరుగు ప్రయాణానికి అదే ఆటో బయట ఉంది. "మొక్కలేవమ్మా?" అని అడిగాడు డ్రైవర్, బుట్ట వైపు చూసి. "పూజ చేసి సాగనంపినారప్పా" అంది అత్త. అనంతపురం బస్సులో పక్కావిడ బుట్ట కింద పెట్టుకోమని ఎంత చెప్పినా అత్త ఒళ్ళోంచి దించలేదు.

నెల తరువాత గుంటూరబ్బాయి ఫోన్ చేశాడు. అన్నీ నల్లబడ్డాయట. ఫోన్ నేనే ఎత్తాను, చెప్పాల్సిందీ నేనే. ఆ రోజు మొదటిసారి అత్త ఏడ్చింది, తోట పోయినప్పుడు ఏడవని మనిషి. నాకు ఆ విద్య మీద కోపం లేదు. ఆవగింజంత ముక్కను అంత చలిలో నిద్రపుచ్చి, మళ్ళీ లేపి తోట చేయగలగడం గొప్ప సంగతే. పూజ మీదా కోపం లేదు. నా కోపమంతా దండం పెట్టగానే పని అయిపోయిందనుకునే బుద్ధి మీద. చేయాల్సిన పని చేయకుండా చేతులు జోడిస్తే దాన్ని భక్తి అనను, బద్ధకం అంటాను. ఆ బద్ధకానికి ఒక రకం అరటి ఈ భూమి మీద లేకుండా పోయింది. తెగులు తోటనే తీసింది, పేరును తుడిచేసింది వీళ్ళు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. మీ మొక్కను ఇచ్చేముందు ఎన్ని డిగ్రీల చలి అని అడగకండి, అది వాళ్ళే గొప్పగా చెబుతారు. దసరా సెలవుల్లో టాంకు నింపేది ఎవరని అడగండి, ఆ మనిషిని మీ ముందుకు పిలవమనండి. ఎవరూ రాకపోతే పిలకను చంకనపెట్టుకుని వెనక్కి వచ్చేసి, మీ చుట్టాల దొడ్లో నాటండి. మా అత్తకు ఇది చెప్పేవాళ్ళు లేకపోయారు. ఆకుపచ్చ బుట్ట ఇప్పటికీ వాళ్ళింటి వసారాలో వేలాడుతోంది, అందులో ఆమె ఏమీ వేయనివ్వదు.