ఆమె చూసిన ముగింపు

వికారాబాద్‌లో ప్యాసింజర్ బండి ఎక్కితే, నా పక్కన ఒక పెద్దాయన, ఎదురుగా గొర్రెలు కాసుకునే ఒకామె కూర్చుని ఉన్నారు. పెద్దాయన ఉన్నట్టుండి ఆమెను, "సినిమాలు చూస్తావా అమ్మా?" అని అడిగాడు.

"ఇప్పుడేడ చూస్త సారూ! పెండ్లయిన కొత్తల తాండూరుల ఒక్కటి చూసిన. పిల్ల వాగుల కొట్టుకపోతది. మస్తు ఏడ్సిన. ఆఖరికి ఇంటికొస్తది, తల్లి తలుపు తీస్తది."

ఆ సినిమా నేనూ చూశాను. తల్లి తలుపు తీస్తుంది గానీ, బయట ఎవరూ ఉండరు. ఆ మాట చెప్పబోతుంటే పెద్దాయన నా చెయ్యి మెల్లగా నొక్కాడు.

"వచ్చాక తల్లి ఏమంది?" అని ఆమెనే అడిగాడు.

"ఏమంటది సారూ? బువ్వ తిను బిడ్డా అన్నది."

అలాంటి మాట ఆ సినిమాలో ఎక్కడా లేదు. ఆయన కళ్లజోడు తీసి, చాలాసేపు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ధారూర్‌లో ఆమె దిగిపోయింది.

"అది నేను తీసిన సినిమానే బాబూ. ఆ తర్వాత చాలా తీశాను. ఇప్పుడు నా కథ వినే నిర్మాత లేడు. ఇంట్లోనూ ఎవరూ లేరు."

"మరి ఆమెకెందుకు చెప్పలే సార్?"

"చెబితే దండం పెట్టి ఊరుకునేది. చెప్పలేదు కాబట్టి నాకు కథ చెప్పింది."

తాండూరులో నేను దిగడానికి లేచినప్పుడు ఆయన కిటికీలోంచి చూపు తిప్పకుండానే అన్నాడు:

"ధారూర్ ఇంకాస్త దూరంలో ఉంటే బాగుండేది."